జనతా, పైలట్: ఒకే యంత్రం, రెండు అభిప్రాయాలు

పాత హెచ్.ఎం.టి. చేతిగడియారాల మీద కొంతకాలంగా మళ్ళీ మోజు పుట్టింది. పాతికేళ్ళయినా నిండని కుర్రవాళ్ళు, తాము పుట్టకముందే తయారైన గడియారాలను వెదకి వెదకి కొనుక్కుంటున్నారు. వారిలో వారికి తరచుగా వచ్చే తగవు ఒకటుంది: జనతా గొప్పదా, పైలట్ గొప్పదా? ఈ తగవు నాకు కొత్తది కాదు. గట్టులో మా ఇంటి అరుగు మీద నలభై ఏళ్ళుగా వింటున్నదే. మా నాయనది జనతా, మా చిన్నాయనది పైలట్. ఇన్నాళ్ళూ అది తీరిక వేళ వినోదంగానే సాగింది. మొన్న మాత్రం రెంటిలో ఏదో ఒకటే బతుకుతుందని తేలింది. ఆ తీర్పు చెప్పవలసిన పని మా ఇంటి మీద పడింది. ఆ సందర్భంలో వెలువడిన అభిప్రాయాలను ఇక్కడ పొందుపరచాలని నా కోరిక.

ముందుగా ఈ గడియారాల వంశచరిత్ర కొంత చెప్పుకోవాలి. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ అనే ప్రభుత్వ సంస్థ 1953లో బెంగుళూరులో ఏర్పడింది. యంత్రాలను చేసే యంత్రాలను తయారు చేయడం దాని అసలు పని. 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారంతో అది గడియారాల కర్మాగారాన్ని నెలకొల్పింది. తొలి విడత గడియారాలను ప్రధాని నెహ్రూ విడుదల చేశారు. తరువాతి రెండు దశాబ్దాలలో హెచ్.ఎం.టి. అన్న మూడక్షరాలు మన దేశంలో చేతిగడియారానికి మారుపేరయ్యాయి. పదవ తరగతి గట్టెక్కిన పిల్లవాడికీ, ఉద్యోగ విరమణ చేసే గుమాస్తాకూ, పెళ్ళిపీటల మీద కూర్చున్న అల్లుడికీ అదే బహుమానం. సైకిలు, రేడియో, వాచీ అన్నవి కలిస్తేనే ఆ రోజులలో కట్నం జాబితా నిండేది. మన హైదరాబాదులోని ఆల్విన్ సంస్థ కూడా 1980లలో జపానువారి సైకో సహకారంతో చేతిగడియారాలు చేసింది గాని, పల్లెలలో హెచ్.ఎం.టి. సంపాదించిన స్థానం దానికి దక్కలేదు. 1984లో టైటాన్ సంస్థ పుట్టి, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారాలు అంగళ్ళను ముంచెత్తాక, రోజూ చావి ఇచ్చుకునే ఓపిక జనానికి తగ్గింది. చివరకు 2016 జనవరిలో హెచ్.ఎం.టి. గడియారాల సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఈ మధ్య కాలంలో లోకమంతా మారినా, జనతా రూపుగాని పైలట్ రూపుగాని పెద్దగా మారలేదు. కర్మాగారం చివరి రోజులలో తయారైన కొత్త జనతాను చూసినా 1960ల నాటి వస్తువనే అనిపించేది. పాతదనాన్ని తెచ్చి అతికించుకోవలసిన అవసరం వాటికి రాలేదు.

జనతా నిరాడంబరమైనది. మా నాయన దగ్గర ఉన్నదానికి తెల్లని డయలు, అంకెలకు బదులు సన్నని గీతలు, సన్నని ముళ్ళు. పైలట్‌ది వేరే పోకడ. విమానచోదకుల గడియారాలను తలపించేలా నల్లని డయలు, దాని మీద కొట్టొచ్చినట్లు కనబడే తెల్లని అంకెలు, ముళ్ళ మీద చీకటిలో మెరిసే పూత. ఆ పూతలో ఏ రసాయనమున్నా, మా ఊళ్ళో దానిని రేడియం అనే అంటారు. ఇంత తేడాగా కనబడే ఈ రెంటికీ వెనుక మూత విప్పి చూస్తే లోపల ఒకే యంత్రం ఉంటుంది: 0231 అన్న సంఖ్య గలది, 17 రాళ్ళది, రోజుకొకసారి చావి ఇవ్వవలసినది, సెకనుకు ఐదుసార్లు టిక్కుమనేది. నలభై ఏళ్ళు తగవులాడిన మా ఇంటి పెద్దలిద్దరికీ ఈ సంగతి మొన్నటివరకూ తెలియదు.

గట్టు ఎక్కడున్నదో తెలియనివారికి ఒక మాట. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను నడిగడ్డ అంటారు. అందులో రాయచూరు వైపు, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది మా మండలం. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా. పేరుకు రెండు నదుల నడుమ ఉన్నా మా సేద్యం వానల మీదా బోరుబావుల మీదా ఆధారపడినదే.

మా నాయనకు జనతా పెళ్ళిలో అత్తవారు పెట్టినది, 1975లో. దానిని గురించి ఆయన అభిప్రాయం స్థిరమైనది. తెల్ల డయలు మీద నల్లముల్లు మసకవెలుతురులో కూడా కనబడుతుంది. పలుచన గనుక చొక్కా చేతికి తగులుకోదు. అద్దం గీతలు పడితే పండ్లపొడి వేసి గుడ్డతో రుద్దితే మళ్ళీ కొత్తదవుతుంది. ఎన్నడూ ఆలస్యంగా నడవలేదు. ఇవన్నీ చెప్పి చివరకు, "వాచీ అంటే మర్యాద, చేతికి అంత నల్లగ ఏంటికి?" అని ముగించేవాడు.

ఆ గడియారానికి మా చేలో ఒక ముఖ్యమైన ఉద్యోగం ఉండేది. 1990ల నాటికి నడిగడ్డ సంకర పత్తి విత్తనాలకు పెట్టింది పేరయింది. మామూలు పత్తి సేద్యానికీ దీనికీ పోలిక లేదు. రేపు విచ్చుకోబోయే ఆడమొక్క మొగ్గలను ఈ రోజు మధ్యాహ్నం నుండి వెదకి, రేకులూ పుప్పొడి తిత్తులూ గిల్లివేసి, గుర్తు పెట్టాలి. మరునాటి ఉదయం మగమొక్క పూలను కోసుకొచ్చి, ఆ గిల్లిన మొగ్గల కీలాగ్రాల మీద ఒక్కొక్కదానికీ పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ అంటారు దీనిని. పొద్దెక్కేకొద్దీ పుప్పొడి చేవ తగ్గుతుంది, మధ్యాహ్నమయ్యిందంటే ఆ పూట దక్కనట్లే. రోజు తప్పకుండా రెండు మూడు నెలలు సాగే ఈ పనికి చేతులు చాలా కావాలి. ఎత్తు తక్కువ, వేళ్ళు సన్నన అని ఆడపిల్లలను పిలిచేవారు. బడి ఈడు పిల్లలు బడి మాని చేలలో నిలబడిన ఆ కాలం మీద తరువాత ఎన్నో ఉద్యమాలు, తనిఖీలు, చర్చలు జరిగాయి. మా చేను కూడా అందులోనిదే. గట్టు మీద జనతా పెట్టుకుని నిలబడినవాడు మా నాయన. పని మొదలయ్యేది ఆ వాచీ ప్రకారం, ఆగేదీ ఆ వాచీ ప్రకారం.

ఇక చిన్నాయన. భాగానికి వచ్చిన రెండెకరాలు అప్పు తీర్చలేక, ఆయన 1981లో గుంపు మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని బొంబాయికి కూలిపనికి వెళ్ళాడు. పాలమూరు కూలీలు ఆనకట్టలు కట్టని రాష్ట్రం, రోడ్లు వేయని నగరం అరుదు. వలసకూలీల హక్కుల కోసం 1979లోనే కేంద్రం ఒక చట్టం చేసింది గాని, అది కంకర మోసేవాడి చెవికి చేరిన దాఖలా లేదు. అక్కడ పొద్దు పొడిచిన దగ్గరనుండి పొద్దుగూకేదాకా పని. పైగా దీపాల వెలుతురులో స్లాబు పోసే రాత్రులుండేవి. ఎన్ని గంటలు చేశారో మేస్త్రీ చెప్పిందే లెక్క, ఎందుకంటే వాచీ ఉన్నది మేస్త్రీ ఒక్కడికే.

మొదటి ఏడు మిగిల్చుకున్న డబ్బుతో చిన్నాయన కొన్న ఒకే ఒక్క వస్తువు పైలట్. ఇంటికి చీర తేలేదు, గిన్నె తేలేదు, వాచీ తెచ్చుకున్నాడని మా అవ్వ చాలాకాలం నిష్ఠూరమాడిందట. దానికాయన చెప్పిన జవాబును నేను చిన్నప్పటినుండి విన్నాను. "రేత్రి పదకొండింటికి స్లాబు అయిపోతే, మేస్త్రీ తొమ్మిదే అయిందంటడు. చీకట్ల నా వాచీ మెరుస్తాంటే మళ్ళ ఆ మాట అనలేదమ్మా." నల్ల డయలు, పెద్ద అంకెలు, రేడియం ముళ్ళు ఆయనకు సోకులు కావు. దూరం నుండి, చీకటిలో, ఇంకొకరికి కూడా కనబడాలి గనుక అవి కావలసివచ్చాయి. దుకాణంలో జనతా కూడా చూపించారట. తన చేతికి తప్ప ఇంకెవరికీ కనబడని వాచీ తనకెందుకని పక్కన పెట్టేశాడట.

ఇద్దరి వాదనలూ ఊళ్ళో కలుసుకునే చోటు మోటారు దగ్గర. మృగశిర కార్తెకు వచ్చి దీపావళి దాటాక తిరిగి వెళ్ళేవాడు చిన్నాయన. ఆ రోజులలో సేద్యానికి కరెంటు వంతులవారీగా వచ్చేది, సగం వంతు రాత్రిపూటే. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది, 2018 జనవరి నుండి తెలంగాణలో ఇరవైనాలుగు గంటల సరఫరా వచ్చింది. ఆ మార్పులన్నిటికీ ముందు, అర్ధరాత్రి రెండింటికి లేచి స్టార్టరు నొక్కడం మా ఇంటి నిత్యకృత్యం. "అన్నా, ఇప్పుడు చూడు నీ తెల్ల వాచీల టయిము" అనేవాడు చిన్నాయన చీకటిలో. నాయన అగ్గిపుల్ల గీసి చూసి, "రెండూ పది" అనేవాడు. "నాకు అగ్గిపుల్ల ఖర్చు లేదు" అని తమ్ముడు, "నాకు రేడియం ఖర్చు లేదు" అని అన్న. ఈ సంవాదం వాడుకలో అరిగి అరిగి మా ఇంట సామెతయింది.

రెండు గడియారాలకూ లోపాలున్నాయని యజమానులు ఒప్పుకునే సందర్భాలూ లేకపోలేదు. వానలో తడిస్తే రెంటి అద్దాల లోపలా ఆవిరి పట్టేది. అప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మూతలు విప్పి, ఎండలో గుడ్డ మీద ఆరబెట్టేవారు. పైలట్ మెరుపు ఏడాదికేడాది తగ్గి, పదిహేనేళ్ళకు పూర్తిగా ఆరిపోయింది. ఇది తమ్ముడి వాదానికి పెద్ద దెబ్బ. జనతా తోలు పట్టా చెమటకు కుళ్ళి ఏడాదికొకటి మార్చవలసి వచ్చేది. ఇది అన్న మర్యాదకు పడే జరిమానా.

మొన్నటి వేసవిలో రెండూ ఒకేసారి మూలపడ్డాయి. నేను వాటిని గద్వాలకు తీసుకుపోయి ఒక వాచీ మెకానిక్‌కు చూపించాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, రెంటినీ విప్పి, పక్కపక్కన పెట్టి, లోపల రెండూ అచ్చంగా ఒకటేనని నాకు చూపించాడు. జనతాలో చావి ఇచ్చే పెద్ద స్ప్రింగు తెగి, ఆ విసురుకు చక్రం పళ్ళు దెబ్బతిన్నాయి. పైలట్‌లో ఎప్పుడో పోయిన నీటికి బ్యాలెన్సు మీది వెంట్రుకంత స్ప్రింగు తుప్పు పట్టింది. కర్మాగారం లేదు గనుక విడిభాగాలు కావాలంటే బొంబాయి పాత సామానుల నుండి తెప్పించాలి, అవి కూడా మరొక పాత వాచీలోంచి ఊడదీసినవే అయివుంటాయి. "ఎట్లాగూ ఒకదాన్ని చంపాల్సిందే. అది మీ ఇంటిదే అయితే నమ్మకం కదా సార్" అన్నాడాయన. జనతా బ్యాలెన్సును పైలట్‌కు వేయవచ్చు. లేదా పైలట్ స్ప్రింగునూ చక్రాన్నీ జనతాకు వేయవచ్చు. ఏది కావాలో చెప్పమన్నాడు.

మరొక సలహా కూడా ఇచ్చాడు. డయలు మాసిపోయింది గనుక కొత్త రంగు వేయిస్తాననీ, ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారనీ అన్నాడు. నిజమే. అమ్మకానికి పెడుతున్న పైలట్లలో ఎన్నో ఇట్లాగే కొత్తగా అచ్చువేసిన డయళ్ళు తొడుక్కున్నవి. కర్మాగారం ఎన్నడూ వేయని రంగులు కూడా వాటిలో కనబడతాయి. పాత వస్తువు కావాలి, దాని మీద కాలం పడ్డ జాడ మాత్రం ఉండకూడదన్నది ఈనాటి కొనుగోలుదారుల కోరిక కాబోలు. ఇంట్లో అడిగి చెబుతానని వచ్చాను.

ఆ సాయంత్రం అరుగు మీద పంచాయితీ మొదలయింది. లోపల ఒకటే మిషను అని చెప్పగానే ఇద్దరూ కాసేపు నమ్మలేదు. నమ్మిన తరువాత వాదం పట్టు తప్పింది. ఆలస్యంగా నడవదన్న గొప్ప జనతాది ఎట్లా అవుతుంది? దెబ్బలకు తట్టుకుంటుందన్న గొప్ప పైలట్‌ది ఎట్లా అవుతుంది? మిగిలినవి ముఖాలు మాత్రమే. అయినా తగ్గలేదు. నాయన తన పెళ్ళి సంగతి ఎత్తాడు, చిన్నాయన స్లాబు సంగతి ఎత్తాడు.

అప్పుడే మా ఎదురింటి అక్క పాలచెంబుతో వచ్చి నిలబడింది. ఇప్పుడు నలభై దాటిన మనిషి, కౌలుకు తీసుకుని తానే సీడు పత్తి పెడుతున్నది. పదేళ్ళ ఈడులో మా చేలో క్రాసింగ్‌కు వచ్చిన పిల్లలలో ఆమె ఒకతె. నేనప్పుడు బడిలో ఉండేవాణ్ణి. తగవు ఏమిటో విని నవ్వి, "మీ వాచీల సంగతి నన్నడుగు మామా" అన్నది. "నీ వాచీ పొద్దుగాల ఉరికేది. పొద్దుగూకినంక కాళ్ళు నొచ్చినట్ల నడిచేది. దాన్ల ఐదు కొట్టేసరికి మా వేళ్ళు పచ్చిపుండ్లయ్యేటివి. చిన్నమామ ఊర్ల ఉన్ననాడు మాత్రం మేం మోటరు కాడికి నీళ్ళకని పోయి ఆయన చేతిల చూసొచ్చేటోళ్ళం."

ఎగతాళిగానే అన్నది, కోపం లేదు. చిన్నాయన నవ్వబోయి అన్న ముఖం చూసి మానుకున్నాడు. ఆమె పాలు పోసి వెళ్ళిపోయింది.

జనతాకూ పైలట్‌కూ గల తేడాను ఇన్నేళ్ళలో నేను వినిన యజమానుల అభిప్రాయాలన్నిటికంటె, ఏ గడియారానికీ యజమాని కాని ఆ మనిషి మాటే బాగా పట్టుకున్నదని నాకనిపించింది. యంత్రం ఒకటే. ఒకటి పని చేయించేవాడి చేతిలో, యజమాని కంటికి మాత్రమే కనబడేటట్లు ఉన్నది. రెండవది పని చేసేవాడి చేతిలో, పదిమందికి కనబడేటట్లు ఉన్నది. నాయన ముల్లును తిప్పేవాడని నేను అనలేను, అక్క కూడా అనలేదు. గట్టు మీద నిలబడినవాడికి ఉదయం తొందరగానూ సాయంత్రం నిదానంగానూ తోచడానికి ముల్లు తిప్పవలసిన పని లేదు. వేళ చూడటం మరచిపోతే చాలు. ఆ మరుపు బహుశా రోజుకు పావుగంటో అరగంటో. ఎందరు పిల్లలు, ఎన్ని రోజులు అని లెక్కవేస్తే చిన్న మొత్తం కాదు.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. భోజనాల వేళ కూడా ఆ ప్రసక్తి ఎత్తలేదు. మరునాడు పొద్దున నేను గద్వాల బస్సుకు బయలుదేరుతుంటే, రెండు వాచీలున్న పొట్లాన్ని తానే తెచ్చి ఇచ్చాడు. "వానిదే నడవనీ. నా దాన్లనుంచి ఏం కావాల్నో తీసుకొమ్మను" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. చిన్నాయనకు మాత్రం ఇది గెలుపుగా తోచలేదు. అన్నది పెళ్ళి వాచీ గదా, తనది ఏముంది, బజారులో కొన్నది అని మొదటిసారిగా ఎదుటి పక్షం వాదించాడు. నాయన వినలేదు.

డయలుకు రంగు వేయించవద్దని చిన్నాయన గట్టిగా చెప్పాడు. అంకెలు పసుపుబారి, రేడియం ఉన్న చోట మసి మరకలు మిగిలిన ఆ నల్లముఖంతోనే పైలట్ తిరిగి వచ్చింది. జనతా బ్యాలెన్సు దానిలో చక్కగా కుదురుకున్నది. మెకానిక్ తీసుకున్నది ఆరువందలు. లోపల ఖాళీ అయిన జనతా, డయలూ ముళ్ళూ అట్లాగే ఉండి, నాయన పెట్టెలో చేరింది.

కొత్త ప్రాణం పోసుకున్న పైలట్‌కు ఒకే లోపం. రోజుకు ఐదు నిమిషాలు ముందుకు పోతున్నది. చిన్న మీట ఒకటి జరిపితే సరిపోతుందని మెకానిక్ చెప్పాడు గాని, చిన్నాయన ఒప్పుకోలేదు. అన్న వాచీ గుణం ఎక్కడికి పోతుందని నవ్వుతాడు. నమ్ముకుంటే దానితోనే నమ్ముకోవాలంటాడు.

మీ ఇళ్ళలో కూడా అటక మీదో, పెట్టె అడుగునో ఒక హెచ్.ఎం.టి. ఉండే ఉంటుంది. అది ఎంత బాగా నడిచిందో దాని యజమానిని అడగండి. వీలైతే, దానిని చూసి పనిలోకి దిగినవారినీ ఒక్కమాట అడిగి చూడండి.

ఇప్పుడు ప్రతి సాయంత్రమూ, జేబులో సెల్‌ఫోను ఉండి కూడా, నాయన అరుగు మీదనుండి "టయిమెంతరా?" అని తమ్ముణ్ణి అడుగుతాడు. చిన్నాయన చెయ్యి దూరంగా చాచి పైలట్ చూసుకుని, మనసులో ఐదు నిమిషాలు తీసివేసి, జవాబు చెబుతాడు.